వీరలక్ష్మి ఎక్కని కనుమ

హిమాలయాలు ఎక్కి వచ్చినవాళ్ళకు బందరులో జరిగిన సన్మాన సభలో వీరలక్ష్మికి వేదిక మీద కుర్చీ వెయ్యలేదు. వెనకున్న ఫ్లెక్సీలో ఆమె ముఖం ఉండాల్సిన చోట కొండ బొమ్మ అతికించారు. హిమాలయాలకు బయల్దేరకముందు అదే ఫ్లెక్సీ కోనేరు సెంటర్లో కట్టారు. అప్పుడు నెత్తిన చేపల గంపతో నవ్వుతున్న వీరలక్ష్మే మధ్యలో, అందరికంటే పెద్దగా ఉంది. ట్రెక్కింగ్ క్లబ్బు అధ్యక్షుడు భానుప్రకాష్ మైకు పట్టుకుని, సముద్రం ఒడ్డు మనిషి కదా, ఎత్తు చూసేసరికి భయపడి వెనక్కి వెళ్ళిపోయింది, పాపం అన్నాడు. జనం నవ్వారు. వెనక వరసలో కూర్చున్న నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వీరలక్ష్మిది మా పాలకాయతిప్పే. మా ఇంటికి రెండిళ్ళ అవతల. భర్త బోటు మీద వేటకు వెళ్తాడు, ఆమె చేపలు అవనిగడ్డ తీసుకెళ్ళి అమ్ముతుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎక్కిన అన్నిటికంటే ఎత్తైన చోటు ఏటి కరకట్ట. బీచ్‌కి వచ్చిన క్లబ్బువాళ్ళు ఆమె నడక చూసి, మాతో హిమాలయాలకు మీరూ రండి అన్నారు. తననే ఎందుకు పిలిచారో ఆమె ఆలోచించలేదు. కొండకు అవతల ఏముంటుందో చూడాలనుకుంది, అంతే.

అక్కడ జరిగింది తర్వాత వీరలక్ష్మి నోటా, ఆమెతో వెళ్ళిన జ్యోతిర్మయి నోటా విన్నాను. చివరి రోజు దారి నిటారుగా ఉంది. కాళ్ళ కింద రాళ్ళు జారిపోయేవట. అది ఎక్కాక సన్నటి గట్టు, రెండు వైపులా లోయలు, ఎదురుగా వరసలు వరసలుగా మంచుకొండలు. మన చేలగట్టు లాగే ఉంటది తమ్ముడూ, జారితే మాత్రం బురదలో పడం అని చెప్పింది నాతో. గట్టు చివర రెండు కొండల మధ్య కనుమ. అక్కడ కట్టిన రంగు జెండాలు కనబడుతున్నాయి. మధ్యాహ్నంలోగా చేరనివాళ్ళు వెనక్కి తిరగాల్సిందేనని గైడు ముందే చెప్పాడు.

గట్టు మీద వీరలక్ష్మి వెనక్కి చూసింది. గుడివాడ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి జ్యోతిర్మయి కనబడలేదు. తలనొప్పితో, వాంతులతో ఆమె కింద నిటారు దారిలోనే కూలబడితే, ఇక్కడే ఉండండి, తిరిగొచ్చేటప్పుడు తీసుకెళ్తాం అని చెప్పి భానుప్రకాష్ వచ్చేశాడు.

మా ఊళ్ళో కలిసి వేటకు వెళ్ళిన బోట్లు కలిసే తిరిగొస్తాయి. ముందొచ్చిన బోటు ఏరు సముద్రంలో కలిసే చోటికి బయటే ఇంజను ఆపుకుని, చివరిది కనబడేదాకా అలల మీద ఊగుతూ ఉంటుంది. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. వీరలక్ష్మి పొరపాటు అక్కడే. ఒకరు తక్కువయ్యారని కేకేసి గట్టు మీద కూర్చుంది. తను కూర్చుంటే మిగతావాళ్ళూ కూర్చుంటారనుకుంది.

ఒక్కరూ ఆగలేదు. ఆమెను దాటుకుంటూ వెళ్ళారు.

"టైమ్ వేస్ట్ చెయ్యకండి వీరలక్ష్మి గారూ. ఫొటోలో మీరు ఉండాలి" అన్నాడట భానుప్రకాష్.

జెండాల దగ్గరైనా ఆగి తిరిగొస్తారేమోనని ఆమె ఇంకాసేపు చూసింది. తర్వాత లేచి కిందికి దిగింది. అప్పటికి జ్యోతిర్మయి చేతులు చల్లబడ్డాయి, మాట తడబడుతోంది. ఆమెను భుజానికి ఆనించుకుని, కూర్చోబెడుతూ, లేపుతూ గుడారాల దాకా తీసుకొచ్చింది.

ఇదంతా చెప్పాలని జ్యోతిర్మయి సభలో లేచింది. మైకు ఇవ్వలేదు. ఆమె వేదిక మెట్ల దాకా వెళ్ళేసరికి జనగణమన మొదలుపెట్టారు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాం. అది అవగానే కుర్చీలు మడిచేశారు. సాటి మనిషిని కొండ మీద వదిలేసి వెళ్ళినవాడు శాలువా కప్పుకుని ఫొటోలు దిగుతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. ఊళ్ళోనూ అతని మాటే పాకింది. కొండను చూసి జడుసుకున్నావంటగా వదినా అని చేపల దగ్గర ఆడవాళ్ళు మొన్నమొన్నటిదాకా ఆటపట్టించారు.

కిందటి వారం కలిసినప్పుడు వీరలక్ష్మి ఎండుచేపలు తిరగేస్తూ ఉంది. క్లబ్బు చేత క్షమాపణ చెప్పించాల్సిందే, పేపర్లో వేయిద్దాం, జ్యోతిర్మయి గారు సంతకం పెడతానన్నారు అని నేను ఆవేశపడ్డాను. ఆమె అంతా విని చేతులు దులుపుకుంది.

"వేయించు తమ్ముడూ, వద్దనను. కానీ ఆయన సారీ చెప్తే నాకు కొండ అవతల కనబడుద్దా? జ్యోతిర్మయి గారూ నేనూ మళ్ళీ వెళ్తున్నాం. ఆయన కూడా వస్తానంటే రమ్మను. ముందు మాత్రం నడవనివ్వను. వెనక్కి చూసే అలవాటు లేదు ఆయనకి."