ఆదోని మామ పేకకట్ట

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంటికి ఎవరొచ్చినా మగ్గం చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడాల్సిందే. ఆ రోజు మాత్రం మగ్గం ఆగిపోయింది. నిలువుదారాల పడుగులో ఐదారు ఎర్రపోగులు తెగి వేలాడుతున్నాయి. నా బొమ్మకు జడకుచ్చుల కోసం వాటిని కత్తిరించింది నేనే. మా తాతయ్యేమో, చిన్నాన్నను పెళ్లాడి నెల కిందటే వచ్చిన మా చిన్నమ్మ ఊడుస్తూ గాజులు తగిలించి తెంపిందనుకున్నాడు. రేపు పొద్దున్నే నందవరంలో పుట్టింట దిగబెట్టి వస్తానన్నాడు. చిన్నమ్మ అన్నం ముట్టలేదు. నేను నోరు విప్పలేదు.

మధ్యాహ్నం, మా దగ్గర చీరలు కొనే సాయిబుగారు ఆదోని నుంచి వచ్చాడు. పిల్లలందరికీ ఆయన మామే. జేబులోంచి అంచులు నలిగిన పేకకట్ట తీస్తే చాలు, ఆకలి కూడా మరిచిపోయి చుట్టూ చేరేవాళ్లం. ఆ రోజు నన్నే ఒక ముక్క తీసి చూసి, మనసులో ఉంచుకుని, కట్ట మీద పెట్టమన్నాడు. కట్టను రెండుగా విడదీసి మళ్లీ ఒకటి చేసి, ఒక్కొక్కటే తిప్పుతూ, సరిగ్గా నా ఆటీను రాణిని బయటికి లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వెనక్కి జరిగాను. మనసులోని రాణి కనబడినాయనకు కత్తెర కనబడదా?

పరుగున పోయి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో దాక్కున్నాను. మామ వచ్చి గట్టున కూర్చోగానే, అడక్కముందే అంతా కక్కేశాను.

ఆయన కోప్పడలేదు. పేక తీసి కిటుకు చూపించాడు. కట్ట అడుగు ముక్కను ముందే చూసుకుంటాడట. అడుగు సగాన్ని తీసి పైన వేస్తే ఆ ముక్క వచ్చి నా ముక్క మీద పడుతుంది. తిప్పేటప్పుడు దాని వెంటనే వచ్చేదే నాది. అంతే.

"నీ మనసులో ఏముండాదో నాకేం తెల్దు బేటీ. నువ్వు సెప్తేనే తెలిసింది. నేనెవురికీ సెప్పను," అన్నాడు.

భయం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. ఎవరికీ కనబడదంటే, నేను నోరు మూసుకుంటే చిన్నమ్మ రేపు నిజంగానే బస్సెక్కుతుంది. ఆపగలిగేది నేనొక్కదాన్నే.

పోయి తాతయ్య ముందు నిలబడ్డాను. "పోగులు నేనే కత్తిరించినా తాతా. చిన్నమ్మ గాదు."

వీపు మీద ఒక దెబ్బ పడింది. తర్వాత ఆయన లేచి వంటింటి గడప దగ్గరికి పోయి, అన్నం తినమని చిన్నమ్మను బతిమాలాడు.

ఇప్పుడు నా మనవలకు ఆ గారడీ చేసి చూపిస్తుంటాను. వాళ్లు నోళ్లు తెరిస్తే ఈ వయసులోనూ గర్వంగానే ఉంటుంది. కానీ నేను చేసినదానికి ఇంకొకరు మాటపడుతున్నారంటే, ఇప్పటికీ పరుగున పోయి నేనేనని చెప్పేస్తాను. నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు కదా అన్న భయం అది.