అత్తమ్మ దాచిన పచ్చజొన్న

మా అత్త పోయింది. రోహిణి కార్తె ఎండలకు మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు. మహబూబ్‌నగర్ దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. ముందురోజే ఆమె అదే ఫోన్‌లో నాతో మాట్లాడింది. ఆయాసపడుతూనే "కుండ మూతికి మెత్తిన మట్టి పలిగిందేమో చూడు బిడ్డా, లోపలికి పురుగు పోతది" అంది. "మంచిగనే ఉంది అత్తమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను. నిజానికి అప్పటికి చూడలేదు. ఫోన్ పెట్టేశాక పరుగెత్తి వెళ్లి చూశాను. బాగానే ఉంది. ఆమెతో ఆడిన ఆఖరి మాట అబద్ధం కానందుకు ఇప్పటికీ కొంత ఊరట.

ఆ కుండ సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో, కాలువ కింది ఊళ్లో. మాకు తిండంటే వరన్నం, విత్తనమంటే దుకాణంలో కొనే సంచి. తెలంగాణ వచ్చిన మరుసటేడు అచ్చంపేట దగ్గరి ఈ మెట్ట ఊరికి కోడలిగా వచ్చాను. ఆ ఎండాకాలమే మా అమ్మా నాయినా నన్ను చూడడానికి వస్తున్నామని కబురు చేశారు. వాళ్లకు జొన్నరొట్టె పెట్టాలని ఇల్లంతా వెతికితే అటక మీద మూతికి మట్టి మెత్తిన కుండ దొరికింది. పగలగొట్టి చూస్తే బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య పసుపు రంగు జొన్నలు. ఎవరో మరిచిపోయిన పాత గింజలనుకున్నాను. కడిగి, ఎండబెట్టి, గిర్నీలో పిండి పట్టించాను. ఏదీ పారేయని పొదుపరినని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వాళ్లు వచ్చిన రోజు అత్త ఉపాధి పని నుంచి వచ్చి మా వాళ్లతోపాటే తినడానికి కూర్చుంది. రొట్టె తుంచి, దాని రంగు చూసి, చెయ్యి ఆపింది. తరువాత ఏమీ ఎరగనట్టు తినసాగింది. మా నాయిన "గింత కమ్మటి రొట్టె మా దిక్కు దొరకదు చెల్లే" అంటే, "ఇంకోటి ఏసుకో అన్నా" అని తనే వడ్డించింది. వాళ్ల బస్సు వెళ్లిపోయాకే నన్నడిగింది.

"కుండలయేనా బిడ్డా?"

"అవునత్తమ్మా. పాతయనుకున్న."

"ఏమన్న మిగిలినయా?"

ఏమీ మిగల్లేదు. ఆమె గడప మీద కూలబడింది. అప్పుడు చెప్పింది. ఊరంతా పత్తికీ మక్కకూ మారిపోయాక ఆ పచ్చజొన్న మా ఇంట్లోనే మిగిలిందట. ఆమెకు వాళ్ల అత్త చేతి నుంచి వచ్చిన విత్తనమట.

తెల్లారి ఆ విత్తనం వెతుక్కుంటూ బస్సెక్కి వెళ్లింది. చుట్టాల ఊళ్లన్నీ తిరిగింది. అందరూ ఒకప్పుడు ఉండేవన్నవాళ్లే. మూడో రోజు నల్లమల అంచున ఒక గూడెంలో ఎవరో ముసలమ్మ దోసెడు గింజలు పెడితే, కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది. వానలు పడగానే వాటిని పెరట్లో విత్తింది. రెండేళ్లకు అవి అరెకరం చేనయ్యాయి. ఆ రెండేళ్లూ ఆమె నాకు పని నేర్పింది. కోతకు ముందు చేనంతా ఒక్కతే తిరిగి, మంచి కంకులకు పాత చీర పేలికలు కట్టేది. అవి విత్తనానికి. "తినే గింజ జాగా కడుపు, ఇత్తే గింజ జాగా కుండ. రెండు కలపకు బిడ్డా" అనేది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతుంటే రాయి ఎప్పుడూ పిట్ట పక్క నుంచే పోయేది. గురి తప్పుతున్నావని నేను నవ్వితే, "తగలొద్దు, బెదరాలె. దానికి కడుపు లేదా?" అనేది.

ఒకసారి టీవీలో ఎక్కడో యుద్ధం జరిగి గోధుమల ఓడలు ఆగిపోయాయని చెబుతున్నారు. ఆమె నమ్మలేకపోయింది.

"ఓడ రాకుంటె పొయ్యి ఎలగదా? వాళ్లకు చేన్లు లెవ్వా?"

"ఉంటయి. ఇంకేవో పండిస్తరు. తిండి కొనుక్కుంటరు."

"మన ఊరు గూడ గట్లనే అయింది" అంది. మా చుట్టూ ఉన్నదంతా పత్తే.

కరోనాకు దుకాణాలు మూసిన రోజుల్లో మా గల్లీలో ఆరిళ్లకు ఆమె జొన్నపిండి వెళ్లింది. ఆ తరువాత పట్నం నుంచి షుగరున్నవాళ్లు పచ్చజొన్న కోసం ఫోన్లు చేస్తుంటే తెగ నవ్వుకునేది. "అప్పుడు గరీబోళ్ల తిండన్నరు. ఇప్పుడు డాక్టర్ చీటీ రాస్తుండు" అని.

కిందటేడు కోతల ముందు ముసురు పట్టి కంకులు నల్లబడసాగాయి. పేలికలు కట్టిన కంకులను వానలోనే కోసుకొచ్చి పొయ్యి పైన వేలాడదీసింది. తక్కిన చేనంతా పాడైంది, ఇంట్లో మిగిలినవి అవే. అవే కుండలోకి వెళ్లాయి.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తాం. మా ఆడబిడ్డ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మకు పచ్చజొన్న రొట్టె చెయ్యాలె. కుండ దించు."

"అవి ఇత్తనాలు వదినా."

"రెండు రొట్టెలకు ఎన్ని పోతయి? కన్నతల్లి కన్న ఎక్కువనా?"

ఎక్కువ కాదు. అయినా నా చేతులు ఆ కుండ దించలేకపోయాయి. మా ఆయన అచ్చంపేట వెళ్లి తెల్లజొన్న పిండి తెచ్చాడు. దానితోనే రొట్టెలు చేసి పెట్టాను. కాకులు వచ్చాయి, గోడ మీద వాలాయి, ఒక్కటీ దిగలేదు. పొద్దు వాలేదాకా చూసి చివరికి ఆవుకు పెట్టేశారు. వదిన మంచినీళ్లు కూడా తాగకుండా లేచింది. "మా అమ్మను ఉపాసం పంపినవ్" అని వెళ్లిపోయింది. ఆమె ఫోన్ చేయక ఐదు నెలలవుతోంది. ఆ మాట నేను కొట్టిపారేయలేను. ముద్ద నోట పెట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

మృగశిర కార్తెలో విత్తడానికి కుండ దించాను. ఒక్క గింజకూ పురుగు పట్టలేదు. ఇప్పుడు చేను కంకి మీదుంది. మంచి కంకులకు ఆమె నీలం చీర చింపి పేలికలు కట్టాను. రోజూ పొద్దున్నే వడిసెల పట్టుకుని మంచె ఎక్కుతున్నాను.

నిన్న పిచ్చుకలను బెదిరిస్తుంటే కాకి ఒకటి వచ్చి పేలిక కట్టిన కంకి మీదే వాలింది. వడిసెలలో రాయి పెట్టుకున్నాను. అది మెడ తిప్పి నా వైపు చూసి, గింజలు పొడుచుకు తినడం మొదలుపెట్టింది. రాయి మెల్లగా తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. వదినకు చెబుదామని చెయ్యి రొండిన దోపుకున్న ఫోన్ దగ్గరికి పోయింది. కదిలితే ఎగిరిపోతుందేమోనని ఆగిపోయాను. గాలికి నీలం పేలిక ఊగుతోంది, బరువుకు కంకి వంగుతోంది, కాకి తింటూనే ఉంది.