కళ మింగిన సున్న

కోరుట్ల పక్క పల్లెలో బాలమణి అని ఒకామె ఉండేది. చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే పొద్దుగూకేలోపు వెయ్యి బీడీలు చుట్టి లేచేది. అంతటి పనిమంతురాలికీ బిడ్డతోనే చిక్కు. నాలుగేళ్ల కళావతి మాట చివరి సున్నను గుటుక్కున మింగేసేది. బెల్లం బెల్ల, గుర్రం గుర్ర, అన్నం అన్న. వాడలో అందరికీ నవ్వులాట.

అవి ఎనభైల చివరి రోజులు. నక్సలైట్లను ఊరూరా 'అన్నలు' అనేవారు. ఒక మధ్యాహ్నం, అన్నలకు తిండి పెట్టారన్న అనుమానంతో పోలీసులు ఇంట్లో జొరబడి ముందు పిల్లనే పట్టుకున్నారు.

"ఏయ్ పోరీ, పొద్దుగాల మీ ఇంట్ల ఎవలు తిన్నరే?"

"అన్న తిన్న," అంది కళ. నేను అన్నం తిన్నానని పాపం దాని అర్థం.

అంతే. తండ్రి దేవదాసును జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. లాఠీ దెబ్బకు ఎడమ మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. "అన్న గాదు సారూ, అన్నం, అన్నం," అని బాలమణి అడ్డంపడితే తుపాకి మడమ ఆమె మూతి మీద దిగింది. పైపెదవి రెండుగా చీలింది.

"మల్లొస్తం. గీ పోరి మల్ల గదే మాటంటే నీ మొగడు పాణంతోని ఉండడు."

తెల్లారి నుంచి బాలమణికి అదే పని. బీడీ చుట్టి, గోటితో దాని మూతి మడుస్తూ చెప్పేది.

"సూడు బిడ్డా, మూతి మడవకుంటే తంబాకు రాల్తది. మాటకు గూడ గట్లనే. పెదవులు ముయ్యి. అన్నమ్మ్."

"నీ మూతే మూసుకుంటలేదు గదనే అవ్వా."

నిజమే. కుట్లు పడ్డ పెదవి మూస్తే నెత్తురు కారేది. అయినా మూసి చూపేది. చెరుగుతూ బియ్యమ్మ్, చాయలో వేస్తూ బెల్లమ్మ్. పిల్లకు ఆట, తల్లికి ప్రాణసంకటం.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చారు. జవాను దేవదాసు కట్టుచేతిని మెలితిప్పి, ఆ కేక ఆగకముందే పిల్ల వైపు తిరిగాడు.

"చెప్పవే, ఎవలు తిన్నరు?"

కళ తల్లిని చూసింది. బాలమణి గొంతుకు లాఠీ ఆనించి ఉంది, నోరెత్తడానికి లేదు. వేళ్లలో మాత్రం సగం చుట్టిన బీడీ ఉంది. దాని మూతి మెల్లగా మడిచింది.

"అన్న..."

లాఠీ లేచింది.

కళ పెదవులు బిగించింది. "...మ్మ్. అన్నమ్మ్ తిన్న."

జవాను కుండ మూత తీసి చూసి, బూటుతో ఒక్క తన్ను తన్నాడు. కుండ పగిలి మెతుకులు నేలంతా చెదిరాయి. దేవదాసును పొయ్యిరాళ్ల మీదికి తోసి వెళ్లిపోయారు.

పిల్ల పెదవులు ఇంకా విప్పలేదు, విప్పితే సున్న జారిపోతుందేమోనని. బాలమణి మట్టి అంటని మెతుకులు నాలుగు ఏరింది.

"ఇగ చాలు బిడ్డా. నోరు తెరువు."