దారాలక్క అంటించడం మరిచిన చీటీ

కోర్టు బార్ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఆమెను అందరూ దారాలక్క అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంట్లోనే ఉంటోంది. వారానికోసారి వెళ్లి ఆమె కిటికీ పక్కన కూర్చుంటాను. నేను న్యాయశాస్త్రం చదువుకోలేదు. తీర్పు అంటే ఏమిటో, దాన్ని ఎలా వెతకాలో నాకు తెలిసిందంతా ఆమె చెప్పగా విన్నదే. అడిగిందే అడిగితే విసుక్కోదు. "మళ్లీ మొదటికొచ్చావా!" అని నవ్వి, నిజంగానే మొదటినుంచి చెబుతుంది.

ఆమె కాలంలో ఆ లైబ్రరీ ఒక పొడవాటి గది. కప్పుదాకా బీరువాలు, ఒక మెట్టు ఊడిన నిచ్చెన, జిగురూ పాత కాగితమూ కలిసిన వాసన. నెలకోసారి కొత్త తీర్పుల సంపుటం వచ్చేది. లాయర్లు అందులో తమకు పనికొచ్చే తీర్పు కోసం తిరగేస్తుంటే, ఆమె మాత్రం ముందు పేజీల్లోని పట్టిక చూసేది. కొత్త తీర్పుల్లో ఏయే పాత తీర్పుల ప్రస్తావన వచ్చిందో అందులో ఉంటుంది. పాత తీర్పు తప్పని కొత్తది అంటే, నిచ్చెనెక్కి ఆ పాత సంపుటం దించి, సరిగ్గా ఆ పేజీలో ఒక చీటీ అంటించి, దానికి ఎర్రదారం కట్టి బయటికి వేలాడేసేది. ఒప్పుకుంటే ఆకుపచ్చ. అనుమానంగా వదిలేస్తే పసుపు.

"తీర్పు పుట్టిన తేదీ తెలిస్తే సరిపోదు. ఇంకా బతికుందో లేదో కూడా తెలియాలి కదా" అనేది.

ఎర్రదారం చూడగానే లాయర్ల మొహాలు వాడిపోయేవట. ఒకాయనైతే బతిమాలాడట.

"అక్కా, ఆ ఎర్రదారం కాస్త లోపలికి తోసెయ్యవూ, ఎదుటివాడికి కనపడకుండా!"

"తోస్తాను. జడ్జిగారి కళ్లకి కట్టడానికి గంతలు నువ్వు తీసుకురా."

ఈ దారాలు ఇచ్చేది కోర్టు గేటు ఎదురుగా లాయర్ల గౌన్లు కుట్టే దర్జీ. అందరికీ బాబాయ్. ఆయనదో ఇరుకు గది, అందులో రెండు మిషన్లు. గది వాళ్ల అన్నయ్య పేరు మీద అద్దెకు తీసుకున్నది. ఇద్దరూ పాతికేళ్లు అక్కడే పక్కపక్కన కుట్టారు. అన్నయ్య పోయిన ఏడాదికే ఇంటి యజమాని దావా వేశాడు. అద్దెకిచ్చింది పెద్దవాడికి, ఆయన లేడు గనక గది ఖాళీ చేయాలని.

బాబాయ్ కోర్టు నోటీసు పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"అమ్మాయ్, నాకింకో చోట కుట్టడం రాదు. ఆ గదిలో వెలుగు ఎడమచేతి వైపు నుంచి పడుతుంది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టాలంటే కళ్లు చాలవు, ఆ వెలుగే కావాలి."

కేసు ఒప్పుకున్నది కొత్తగా వచ్చిన చిన్న లాయరమ్మ. ఒంటరిగా వాదించడం ఆమెకు అదే మొదలు. తీర్పు వెతికే పని దారాలక్క తన నెత్తిన వేసుకుంది. విషయసూచికలో 'అద్దె' కింద చూసింది, అక్కణ్ణుంచి 'అద్దెదారు మరణం', అక్కణ్ణుంచి 'కలిసి వృత్తి చేసినవారు'. మూడోరోజు దొరికింది. ఒకే గదిలో ఒకే పని చేసుకు బతికిన ఇద్దరిలో ఒకరు పోతే, మిగిలినవారి హక్కు పోదు అని ఒక పేరా. బాబాయ్ కోసమే రాసినట్టుంది. సంపుటానికి దారం ఏదీ లేదు. సంవత్సరం, సంపుటం, పేజీ నంబరుతో సహా తన చేత్తోనే ఎత్తి రాసి ఇచ్చింది.

"సంతోషం కళ్లకి అడ్డుపడింది" అంటుంది ఇప్పటికీ. "నలభై పేజీల తీర్పులో ఆ పేరా ముప్పై నాలుగో పేజీలో ఉంది. అది ఎవరు రాశారని వెనక్కి తిప్పి చూసుకోలేదు."

విచారణ రోజు హాలు గుమ్మం దగ్గర నిలబడి వింది. చిన్న లాయరమ్మ ఆ పేరా గడగడా చదివింది. ఎదుటిపక్షం పెద్ద లాయరు తాపీగా లేచాడు.

"చాలా బాగా చదివావమ్మా. రాసిన జడ్జిగారు కూడా ఇంత బాగా చదివి ఉండరు. కాకపోతే ముగ్గురు జడ్జీల్లో ఆ మాట అన్నది ఆయనొక్కరే. మిగతా ఇద్దరూ కాదన్నారు, కోర్టు తీర్పు వాళ్లది. ముందు పేజీలు కూడా చదివి వినిపిస్తావా?"

హాల్లో నవ్వులు. జడ్జిగారు గడియారం చూసి, "ఇంకేమైనా ఉంటే భోజనం తర్వాత చూపించండి" అని లేచారు.

వరండాలో చిన్న లాయరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. "తప్పు నాదే అక్కా. పుస్తకం నేను తెరిచి చూడాల్సింది. నీ చేతిరాత కదా అని నమ్మేశాను."

బాబాయ్ ఒక్కటే అడిగాడు. "అయితే ఖాళీ చేయాలంటారా అమ్మాయ్?"

దారాలక్క గబగబా లైబ్రరీకి నడిచింది. సంపుటం తెరిచి మొదటినుంచి చూసింది. జడ్జీలు ఇంతగా విడిపోయిన తీర్పును తర్వాత ఏ కోర్టూ పట్టించుకోలేదా? దారం ఎందుకు లేదు? అప్పుడు చెయ్యి అట్ట మీదికి వెళ్లింది. అట్టకు కొత్తగా అంటించిన క్యాలికో గుడ్డ, ఇంకా జిగురు వాసన. ఈ సంపుటం ఎనిమిది నెలలు బైండింగులో ఉంది! పుస్తకం చేతిలో లేనప్పుడు దానికి రాసిన చీటీలను ఒక తగరపు డబ్బాలో దాచడం ఆమె అలవాటు. కూతురి పురిటికి సెలవు పెట్టిన రోజుల్లో పుస్తకం తిరిగొస్తే ఎవరో బీరువాలో పెట్టేశారు. డబ్బా సంగతి ఆమె మరిచిపోయింది.

ఊడిన మెట్టు దాటుకుని నిచ్చెనెక్కి డబ్బా దించింది. అందులో తన చేతిరాతే. 'ఐదుగురు జడ్జీలు. ఇద్దరి మాట తప్పు, ఆ ఒక్కరి మాట ఒప్పు అన్నారు.' కింద ఆ కొత్త తీర్పు ఉన్న సంపుటం, పేజీ. ఎరుపూ ఆకుపచ్చా రెండు దారాలూ ఒకే చీటీకి కట్టి ఉన్నాయి.

ఈసారి ఎత్తి రాయలేదు. ఆ ఐదుగురి తీర్పు ఉన్న పుస్తకమే మోసుకెళ్లి చిన్న లాయరమ్మ చేతిలో పెట్టింది. "మొదటి పేజీనుంచి చూడు. ఎవరు రాశారో, ఎంతమంది ఒప్పుకున్నారో నీ కళ్లతో చూసుకుని అప్పుడు చదువు."

భోజనం తర్వాత ఆ అమ్మాయి ముందుగా ఐదుగురి పేర్లు చదివింది, తర్వాతే పేరా. పెద్ద లాయరు పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే రెండు పేజీలు తిప్పి, కళ్లద్దాలు తీశాడు. "ఇది నా దృష్టికి రాలేదండీ" అన్నాడు జడ్జిగారితో. బయటికొచ్చాక డబ్బా సంగతి విని దారాలక్కతో, "నాకు కూడా ఒక డబ్బా ఉండాల్సిందమ్మా" అన్నాడట.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. బాబాయ్ గది ఖాళీ చేయక్కర్లేదు.

"గెలిచారు కదా, ఇంకా ఎందుకు బాధ?" అని అడిగాను ఒకసారి.

"గెలిచాం. కానీ ఆ పొద్దున ఆయన మొహం చూశాను కదా" అంది. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా ప్రతి శుక్రవారం ఆ డబ్బా బోర్లించి చూసుకునేదట.

ఇప్పుడు లాయర్లు ఫోన్లలోనే వెతుక్కుంటున్నారు. "ఫోను ఎర్రదారం చూపిస్తుందా?" అని అడిగింది మొన్న. చూపిస్తుందట అన్నాను. "ఆ పేరా ఎవరు రాశారో?" అది మనమే చదువుకోవాలన్నాను. "మరి!" అని తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలింది.

అలా వాలే, తీర్పొచ్చిన రోజు సంగతి చెప్పింది. కబురు తనే చెబుదామని రోడ్డు దాటి వెళ్లిందట. బాబాయ్ మిషను మీదే ఉన్నాడు, ఎడమవైపు వెలుగులో. మాట విని కాలు ఆపాడు. సొరుగు లాగాడు. లోపల ఒక పక్కన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ఉండలు వరసగా ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి గౌన్లు కుట్టగా మిగిలిన దారాలే అనుకుంది ఆమె.

"ఇవి ఎవరి గౌన్లకి బాబాయ్?"

"నల్లగుడ్డకి ఇవెందుకమ్మాయ్?" అన్నాడట, ఎర్ర ఉండ తీసి ఆమె చేతిలో పెడుతూ. "నీకోసం తెప్పిస్తున్నవే."