ఎదురు మడత రవిక

ఉన్‌సోల్ తన బొమ్మను కంప్యూటర్లో ఎడమ కుడిగా, కుడి ఎడమగా తిప్పి చూసుకోనిదే పంపదు. పొద్దుటినుంచీ గీస్తున్న మొహం కంటికి అలవాటైపోతుంది. అదే తిప్పి చూస్తే ఒక కన్ను కిందికి జారిందనీ, మెడ వంకర పోయిందనీ ఇట్టే బయటపడుతుంది. ఇన్నేళ్ళుగా ఆమె పరువు నిలబెట్టిన చిట్కా అది.

జోన్జు ఊళ్ళో తల్లి మొలకల పులుసన్నం అమ్ముతుంది. ఆ కొట్టు మీది గదిలో కూర్చుని ఉన్‌సోల్ ఫోన్లలో చదువుకునే బొమ్మల కథ వారానికో భాగం గీస్తుంది. రాజుల కాలం నాటి కథ. దల్లే అనే మంత్రసాని కూతురు, దారి తప్పిన దెయ్యాలకు అన్నం పెట్టి, నాలుగు చీవాట్లు కూడా పెట్టి సాగనంపుతుంటుంది. ఆ చీవాట్లన్నీ ఉన్‌సోల్ తల్లివే.

ఆ వారం ఉన్‌సోల్‌కు ఒళ్ళు కాలిపోయే జ్వరం. బొమ్మలు తిప్పింది, కళ్ళు సరిదిద్దింది, మళ్ళీ మామూలుగా తిప్పకుండానే పంపేసి ముసుగు తన్నింది. మాటలు తర్వాత సంపాదకుడి దగ్గర అతికిస్తారు కాబట్టి అక్షరాలు తిరగబడలేదు, ఎవరికీ అనుమానం రాలేదు.

బతికున్నవాళ్ళు రవిక ఎడమ అంచును కుడి అంచు మీదికి తెచ్చి ముడి వేసుకుంటారు. పాతకాలపు పద్ధతిలో శవానికి తొడిగితే ఆ మడత ఎదురు. ఆ భాగం పొడుగునా దల్లే ఎదురు మడతతోనే తిరిగింది.

"రవిక చూశారా! పిల్ల చచ్చిపోయింది, పాపం తనకే తెలీదు!" అని కథ కింద ఒకరు రాశారు. ఇక చదివేవాళ్ళు ఎగబడ్డారు.

సంపాదకుడు తక్ ఫోన్ చేశాడు. "రచయిత గారూ, గడుసువారేనండీ! ఇంత ముక్క నాకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నారా?"

"అదీ... ఊఁ," అని నసిగింది ఉన్‌సోల్.

ఆ 'ఊఁ' మెడకు చుట్టుకుంది. మర్నాడు గున్సాన్ నుంచి ఒకావిడ రాసింది: "మొన్న మా అమ్మకు నా చేతులతోనే ఆ మడత వేశాను. మీ దల్లే అదే మడతతో వండుతూ, అందరినీ తిడుతూ తిరుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంతో ఆలోచించి గీశారు. మీ మేలు మరవను."

నిజం చెబితే ఆవిడకు దొరికిన ఓదార్పు లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే తనది కాని మెప్పు తిన్నట్టవుతుంది. ఉన్‌సోల్‌కు ముద్ద దిగలేదు.

"చెబితే ఏమవుద్దే?" అంది తల్లి.

"ఆవిడ ఏడుస్తుందమ్మా."

"ఇప్పుడు నువ్వేడుస్తున్నావుగా. ముందు తిను, పులుసు చల్లారిపోతోంది."

శనివారం గ్రంథాలయంలో బొమ్మలు నేర్చుకునే పిల్లలకు ఉన్‌సోల్ పాఠం. "ముందే పెద్ద కథ ఎత్తుకోకండి. చిన్నది గీసి, పూర్తి చెయ్యండి," అని మొదలుపెట్టింది. "పాతకాలం గీయాలంటే సింహాసనం సంగతి తర్వాత, గరిటె ఎక్కడ తగిలించేవాళ్ళో కనుక్కోండి. దెయ్యానికి కూడా ఆకలెయ్యాలి."

గాయుల్ అనే అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, ఆ మడత ఉపాయం ఎలా తట్టింది? మాకూ నేర్పండి."

ఉన్‌సోల్ చేతిలో పెన్సిల్ కింద పెట్టింది. "ఉపాయం కాదర్రా. బొమ్మ తిప్పాను, మళ్ళీ తిప్పడం మర్చిపోయాను."

"అయితే దల్లేని చంపింది మీ మతిమరుపా టీచర్?" అంది గాయుల్. అంతా గొల్లుమన్నారు. ఉన్‌సోల్‌కూ నవ్వొచ్చింది, గుండె తేలికపడింది.

"మీరు చూడనిది మీ బొమ్మలో చదివేవాళ్ళు చూస్తారు. అప్పుడు నాలాగా తెలిసినట్టు 'ఊఁ' అనకండి. వాళ్ళకు దణ్ణం పెట్టండి."

ఇంటికొచ్చి జరిగిన పొరపాటు సంగతి కథ కింద అందరికీ రాసింది. కొందరు నవ్వారు, కొందరు మెచ్చుకున్నారు. ఆమె కళ్ళు మాత్రం గున్సాన్ ఆవిడ జవాబు కోసమే వెతికాయి. రెండోరోజు సాయంత్రానికి వచ్చింది.

"పొరపాటైతేనేం? మీ దల్లేలో నాకు మా అమ్మ కనిపించింది. ఒక్కటే అడుగుతాను. తను పోయిన సంగతి దల్లేకి అప్పుడే తెలియనివ్వకండి."

ఉన్‌సోల్ ఫోన్‌కు తల వంచి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత కూర్చుని, ఎడమా కుడీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ, దల్లే రవికకు ఎదురు మడత గీసింది.