బావ సైకిలుకు కొత్త క్లచ్ వైరు

మా అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ తెల్లారంగనే వచ్చి క్లచ్ పట్టుకుంటున్నడురా," అన్నది. ఆమె గొంతులో భయం లేదు. సంతోషం ఉంది. అందుకే నాకు భయం వేసింది.

బావ వానాకాలంలో ప్రభువునందు నిద్రించాడు. మా సంఘంలో విశ్వాసి పోతే అట్లాగే అంటాం. జ్వరమని దవాఖానకు పోయినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. నడిగూడెం దగ్గర పల్లెలో అక్కకు మిగిలినవి రెండు బర్రెలు, ఒక ఇంజను సైకిలు. సూర్యాపేటలో ఎవరో పాత సైకిలుకు చిన్న పెట్రోలు ఇంజను బిగించి ఇస్తే బావ దానిమీద పాలకేంద్రానికి పాలు పోసి వచ్చేవాడు. ఎడమచేత్తో క్లచ్ పట్టుకొని కొంచెం దూరం తొక్కాలి. క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. మళ్లీ పట్టుకుంటే ఇంజను తిరుగుతూనే ఉంటుంది గాని చక్రానికి దానితో పని ఉండదు. ఆయన పోయాక అక్క కొంగు నడుముకు చుట్టుకొని, వెనక క్యాను కట్టుకొని, అదే కాలువకట్ట మీద తనే పోతోంది.

"నేను క్లచ్ వదుల్తనా, అది రాదు. ఎవరో పట్టుకున్నట్టే ఉంటది. జరసేపటికి మెల్లగ వదుల్తడు," అన్నది ఫోన్‌లో.

నేను మిర్యాలగూడలో ఉంటాను, సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. నిద్రించినవాళ్లు ప్రభువు వచ్చే కడబూర మోగేదాకా లేవరని, వాళ్ల కోసం వెతకడం దేవునికి అసహ్యమని ఎన్ని కూటాల్లో చెప్పానో. ఆ మాటే అక్కతో అన్నాను.

"నువ్వు వచ్చి సూడు. సూసినంక చెప్పు నీ వాక్యం," అని ఫోన్ పెట్టేసింది.

కాలువ నిండా నీళ్లు పారే రోజులు. చేతి మాట వినని బండి మీద మంచులో ఆ కట్టవెంట పోతే అక్క ఏదో ఒకనాడు కాలువలో తేలుతుంది. దయ్యమో మరొకటో తర్వాత చూద్దాం, ముందు వైరు మార్చాలి అనుకున్నాను. సువార్త పనికి పాత బండి మీద పల్లెలు తిరిగినప్పుడు ఆ పనులన్నీ నేనే చేసుకునేవాణ్ణి. హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పోయి, బస్టాండు దగ్గర ఒక క్లచ్ వైరు, దాని గొట్టం, చిన్న గ్రీజు డబ్బా కొనుక్కొని ఆటో ఎక్కాను.

మర్నాడు తెల్లవారుతుంటే అక్క నన్ను లేపింది. వాకిట్లో మంచు ఎంత దట్టంగా ఉందంటే బర్రెలు కనబడటం లేదు, వాటి ఊపిరి చప్పుడు మాత్రం వినబడుతోంది. సైకిలు గోడకు ఆనించి ఉంది.

"సూడు," అని అక్క క్లచ్ నొక్కి చెయ్యి తీసేసింది.

క్లచ్ అట్లాగే నొక్కి ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు. క్లచ్‌ను నొక్కినచోటే నిలబెట్టడానికి పక్కన చిన్న బొత్తాం లాంటిది ఉంటుంది, వంగి చూశాను, అది నొక్కి లేదు. అక్క కదలకుండా నిలబడి చూస్తోంది. కాసేపటికి క్లచ్ కదిలింది. నిద్రపోతున్నవాడి పిడికిలి విచ్చుకున్నట్టు, చాలా నెమ్మదిగా వెనక్కి వచ్చింది.

యేసు నామం మనసులోనే తలుచుకున్నాను.

"ఇప్పుడేమంటవ్?" అన్నది అక్క, నవ్వుతూ.

ఆ పొద్దు ఆమెను బండి ఎక్కనివ్వలేదు. క్యాను నేను పట్టుకొని ఇద్దరం నడిచి పోయాం. పాలకేంద్రం దగ్గర గొర్లు తోలుకొచ్చే పెద్దమనిషి ఒకడు చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"అయ్యగారూ, మంచిగొచ్చిండ్రు. మొన్న ఈ అక్క బండి ఇంజను చాలుబెట్టే ఉంచి గీడ గోడకానిచ్చి లోపలికి పోయింది. అది దానంతట అదే కట్ట మీదికి పోయింది. నాకు ఎదురుంగ వచ్చింది."

"పోతే పోయింది. వాలుగా ఉంది కదా," అన్నాను.

"ఉత్తగ పోతే నాకెందుకు? మనిషి కూసున్నడు. మంచుల మొఖం కనబడలే. ఏం బావా, పొద్దుగాల్నే బయలెల్లినవా అని పలకరించిన గూడ. పలకలే. అవుతల గడ్డిల పడ్డది బండి. పోయి సూస్తే ఎవ్వడు లేడు."

"నీ కండ్లకు గొర్లే సక్కగ కనబడవు, మనుషులు కనబడ్డరా?" అని పాలు కొలిచే ఆమె నవ్వింది.

ఆయన నవ్వలేదు. "నిమ్మకాయ కట్టమంటే మీరు కట్టరాయె. ఏదన్న చెయ్యుండ్రి అయ్యగారూ. ఆ అక్క ఒక్కతే పోతది," అన్నాడు.

దారిలో అక్కను అడిగాను, క్లచ్‌కు బొత్తాం పెట్టకుండా ఇంజను నడుస్తున్న బండిని ఎందుకు వదిలిందని.

"బొత్తాం ఎందుకు? ఆయన పట్టుకుంటడని," అన్నది.

మధ్యాహ్నం ఎండ వచ్చాక సైకిలు వాకిట్లోకి తెచ్చి క్లచ్ నొక్కి వదిలాను. టక్కున వచ్చేసింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

"పగటీలి ఉండడు," అన్నది అక్క అరుగు మీదనుంచి.

ఇంజను పక్కన ఒక చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. పైన క్లచ్ నొక్కితే వైరు ఆ చేతిని లాగుతుంది. దాని చివర స్క్రూ వదులు చేసి పాత వైరు పైనుంచి లాగాను. వైరు వెంట నూనె కారింది. వేళ్లు వాసన చూసుకుంటే కొబ్బరినూనె.

"ఇది ఎవరు పోశారక్కా?"

"నేనే. వైరు బిర్రుగ ఉన్నదని. ప్రార్థన నూనె మిగిలి ఉండె. అది ఏడ పోసినా మంచిదే కద."

మాలో బండి చేతులు మారితే మందిరం ముందు నిలబెట్టి, హ్యాండిలుకు నూనె రాసి ప్రార్థన చేస్తారు. బావ పోయి బండి అక్కకు వచ్చినప్పుడు వాళ్ల ఊరి సంఘం అయ్యగారు అట్లా చేసి, మిగిలిన సీసా అక్క చేతిలో పెట్టారు. సీసా ఇంకా కిటికీలో ఉంది. పొద్దున అది తెల్లగా గడ్డకట్టి ఉండటం నేను చూశాను. వైరు గొట్టంలోనూ అంతే, చలికి పేరుకొని వైరును పట్టేస్తుంది. స్ప్రింగు లాగుతుంటే మెల్లగా వదులుతుంది, ఇంజను వేడికి కరిగితే ఇంకా తొందరగా. వైరు వదలగానే, నడుస్తున్న ఇంజను చక్రాన్ని పట్టుకుంటుంది. గోడకు ఆనించిన బండి అట్లా పోయింది.

ఇదంతా అక్కకు వివరించాను. తల వంచుకొని విన్నది.

"అయితే కొత్త వైరు ఏస్తే ఇగ పట్టుకోడు."

"పట్టుకునేది ఆయన కాదక్కా. నూనె."

"గొర్లాయన సూసింది గూడ నూనేనా?"

నూనె సంగతి నాకు తెలిసింది. మంచులో ఆయనకు ఎవరు కనబడ్డారో తెలియదు.

"వద్దు తమ్మీ. ఉండనియ్యి. పొద్దున లేస్తే నాకు అదొక్కటే ఉన్నది," అన్నది. నా చేతిలో కొత్త వైరు ఉంది. గట్టిగా మాట్లాడితే లాక్కునేట్టుంది.

"కాలువలో పడి పోతవక్కా. ప్రభువు పిలిచేదాకా ఉండాలె గదా. నీ అంతట నువ్వు పోవద్దు," అన్నాను.

అక్క లేచి, "నీ ఇష్టం," అని క్యాన్లు తీసుకొని పెరట్లోకి పోయింది.

గొట్టం కూడా మార్చాను. కొత్త వైరుకు గ్రీజు రాసి, దాని కొసనున్న గుండును క్లచ్ పట్టులో కూర్చోబెట్టి, కిందికి దింపి ఇనుప చేతికి బిగించాను. బిగువు కుదర్చడానికే ఎక్కువసేపు పట్టింది. బాగా లాగి బిగిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను పట్టు తప్పుతుంది. వదులుగా ఉంటే క్లచ్ పట్టినా ఇంజను చక్రాన్ని వదలదు. పట్టు కొంచెం ఉత్తగా కదిలి ఆ తర్వాతే వైరు బిగుసుకోవాలి. వెనక చక్రం లేపి తిప్పి చూస్తూ, కింద స్క్రూ దగ్గర వంగి ఉన్నాను. చక్రం తేలికగా తిరుగుతోంది. అంటే పైన ఎవరో క్లచ్ పట్టుకున్నారు.

"వదులక్కా," అన్నాను.

"ఏంది?" అని పెరట్లోనుంచి పలికింది. నీళ్ల చప్పుడు వినబడుతోంది.

తలెత్తి చూస్తే క్లచ్ నొక్కి ఉంది. దాని బొత్తాం కూడా లోపలికి నొక్కి ఉంది. నేను నొక్కిన గుర్తు లేదు. కొత్త వైరులో నూనె లేదు. నోటితోనే గట్టిగా ప్రార్థన చేసి, బొత్తాం తీశాను. క్లచ్ టక్కున వెనక్కి వచ్చింది. ఆ బొత్తాం ఎవరు నొక్కారో ఈనాటికీ నాకు తెలియదు. అక్కకు ఆ సంగతి చెప్పలేదు. చెప్తే వైరు పీకేసేది.

మర్నాడు పొద్దున మళ్లీ అదే మంచు. అక్క క్యాను కట్టుకొని, క్లచ్ నొక్కి చెయ్యి తీసింది. టక్. మళ్లీ నొక్కింది. టక్. ఈసారి నొక్కి చాలాసేపు అట్లాగే పట్టుకొని, ఒక్కొక్క వేలే మెల్లగా తీసింది. ఆఖరి వేలు తియ్యగానే టక్కున వచ్చేసింది.

"పోయిండు," అన్నది.

పాలకు వేళయింది. ఆమె కళ్లు తుడుచుకొని సైకిలెక్కి, క్లచ్ గట్టిగా పట్టుకొని తొక్కింది. మంచులోకి పోయి కనబడకుండా అయ్యాక ఇంజను అందుకున్న చప్పుడు వచ్చింది. వాకిట్లోనే మోకరించి ప్రార్థన మొదలుపెట్టాను. కట్ట మీద మలుపు దగ్గర, క్లచ్ పట్టుకున్నట్టు, చప్పుడు తగ్గింది, చాలాసేపు తగ్గే ఉంది, మళ్లీ ఎత్తుకుంది. అది పాలకేంద్రం దాకా పోయి ఆగిందని చెవికి తెలిసేదాకా నేను ఆమెన్ అనలేదు.