లూదియా టీచరు రీడబుల్

ఆళ్లగడ్డ మిషన్ బడిలో మూడో తరగతి చెప్పే లూదియా టీచరుకు బ్రిడ్జి ఆట వచ్చని ఊళ్లో చాలామందికి తెలీదు. చిన్నప్పుడు వాళ్లమ్మ నంద్యాల మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడి దొరసానులు ముగ్గురే. ఆటకు నాలుగో మనిషి కావాలని పదహారేళ్ల లూదియాను కూర్చోబెట్టి నేర్పారు. వాళ్లు తమ దేశం వెళ్లిపోయినా ఆట ఆమెను వదల్లేదు. టీచరమ్మవు, పేకముక్కలు ముట్టడమేందని పాస్టరుగారు అడిగితే, పందెం లేదయ్యగారూ, ఒట్టి లెక్కేనని చెప్పి ఊరుకుంది.

1977లో నంద్యాల క్లబ్బు పోటీకి, గడియారాలు బాగుచేసే నూర్ మహమ్మద్‌తో జోడీ కట్టింది. అంత మందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఈ ఆటలో నాలుగేసి ముక్కల పట్లు పదమూడు; జోడీగా ఎన్ని పడతామో ముందే వేలంలా పాడాలి. నూర్ మహమ్మద్ 'ఒక నోట్రంప్' అన్నాడు, అంటే తురుపు లేకుండా ఆరుకు పైన ఒకటి, ఏడు పట్లు. పక్కనున్న ఎదుటి జోడీ ప్లీడరు వెంకటేశ్వర్లు వెంటనే 'డబుల్' అన్నాడు. ఇక ఓడితే నష్టం రెట్టింపు పైమాటే. లూదియా చేతిలో ఒక్క బొమ్మ లేదు. ఏమీ తోచక 'పాస్' అంది. నాలుగు పట్లు తక్కువొచ్చాయి. ప్లీడరు నవ్వు బస్సు దిగేదాకా ఆమె కళ్లలో మెదులుతూనే ఉంది.

వారం తిరక్కుండా నూర్ మహమ్మద్‌కు పోస్టుకార్డు రాసింది. "అన్నా, ఆ పొద్దు నోరు మూసుకొని కూచున్నా. ఇంకోసారి కూచోను. ఆ డబుల్లోంచి బయటపడే దారి ఒకటి చూసుకుందాం."

ఆ దారి ఉత్తరాల్లోనే కుదిరింది. డబుల్ పడినప్పుడు ఆమె చేతిలో బలం లేక, ఒకే రంగు ముక్కలు ఎక్కువుంటే, మామూలుగా లెక్కను ఇంకా రెట్టింపు చేసే 'రీడబుల్' మాటే అనాలి. అది విని ఆయన తన చేతిలో ఏమున్నా సరే 'రెండు కళావర్లు' అనాలి. అప్పుడు ఆమె తన రంగు చెబుతుంది. ఆపైన ఆయన నోరు మెదపకూడదు. ఏడాది పొడుగునా ఆయన పదమూడు ముక్కల పేర్లు రాసి పంపేవాడు, ఆమె జవాబు రాసేది. ఒకసారి తప్పు రాసి, ఇంకో పది చేతుల ముక్కలు రాసి పంపమని తానే అడిగింది.

మరుసటేడు అదే క్లబ్బు, అదే ప్లీడరు. నూర్ మహమ్మద్ ఒక నోట్రంప్ అన్నాడు, ప్లీడరు డబుల్ అన్నాడు. లూదియా ముక్కలు చూసుకుంది. జాకీతో కలిపి ఆరు డైమన్లు, తక్కినవన్నీ చిల్లర. గొంతు బడిలో పాఠం చెప్పినట్టే పలికింది.

"రీడబుల్."

దానర్థమేందని ప్లీడరు అడిగాడు. ఆటలో జోడీకి గుట్టు పనికిరాదు; ఒకరి మాటకు అర్థం అడిగితే రెండోవాళ్లు చెప్పాలి.

"టీచరమ్మ నన్ను రెండు కళావర్లు చెప్పమంటాంది. ఆమె రంగేదో నాకూ తెలీదు," అన్నాడు నూర్ మహమ్మద్. ఆ మాటే పాడాడు. ఆమె రెండు డైమన్లకు మార్చింది. ప్లీడరు దానికీ డబుల్ కొట్టాడు. ఆమె 'పాస్' అని తన రంగు మీదే నిలబడింది.

ఎనిమిది పట్లు కావాలి. నిదానంగా తురుపులు లాగి, ఏడు పట్టింది. ఒక్కటి తక్కువ. ఈ పోటీలో అవే ముక్కలు బల్లబల్లకూ తిరుగుతాయి, తక్కువ నష్టపోయినోళ్లదే మేలు. అవే ముక్కలు ఆడిన తక్కిన ఆరు బల్లల మీద అందరూ నోట్రంప్‌లోనే ఇరుక్కుని మూడేసి, నాలుగేసి పట్లు పోగొట్టుకున్నారు. పోటీ ముగిసేసరికి వాళ్ల జోడీ రెండో స్థానంలో నిలిచింది.

ప్లీడరు లేచొచ్చి, ఆ రీడబుల్ సంగతేందో తనకూ చెప్పమన్నాడు. ఆళ్లగడ్డ బస్సుకు వేళైంది. ఇంకో బస్సు ఉందిలే అనుకుంది లూదియా.

"కూచోండి సార్," అని ముక్కలు పంచింది.